వెళ్ళినవాళ్ళు, ఉండిపోయినవాళ్ళు
(రేడియో ప్రసంగ పాఠం)



పోయిన నెల కార్యక్రమం అయిపోయాక ఒక పెద్దాయన స్టూడియోకి ఫోన్ చేశారు. "బాబూ, ఒక్క మాట చెప్పు. అక్కడ పరిపాలన బాగాలేక మనం వచ్చేశామా, మనలాంటివాళ్ళం వచ్చేశాం గనక అక్కడ పరిపాలన బాగుపడలేదా?" అని అడిగారు. నేనేదో నవ్వేసి, "టైము అయిపోయిందండీ, మళ్ళీ మాట్లాడుకుందాం" అని తప్పించుకున్నాను. నేను తప్పించుకున్నా, ఆ ప్రశ్న మాత్రం నెల్లాళ్ళూ నన్ను వదల్లేదు. ఇవాళ్టి ప్రసంగం ఆయనకి నేను బాకీపడ్డ జవాబు అనుకోండి.

ముందు మా ఊరి బడి సంగతి చెబుతాను. మా చిన్నప్పుడు ఊళ్ళో అందరికీ ఒకటే హైస్కూలు. కరణంగారి పిల్లలూ, డాక్టరుగారి అబ్బాయీ, కూలికెళ్ళేవాళ్ళ పిల్లలూ అందరం ఒకే గదిలో కూచునేవాళ్ళం. లెక్కల మాస్టారు వరసగా రెండ్రోజులు రాకపోతే కరణంగారు కండువా వేసుకుని వెళ్ళి హెడ్మాస్టారి గదిలో కూచునేవారు. మూడోరోజు మాస్టారు వచ్చేవారు. కొన్నేళ్ళకి పక్క టౌన్లో ఇంగ్లీషు మీడియం స్కూలు వచ్చింది, దాని బస్సు మా ఊరి దాకా రావడం మొదలైంది. ముందుగా ఆ బస్సెక్కింది ఎవరి పిల్లలంటారు? కరణంగారి మనవలూ, డాక్టరుగారి మనవలూ. అంటే హెడ్మాస్టారి గదిలోకి వెళ్ళి కూచోగలిగినవాళ్ళ పిల్లలన్నమాట. మిగిలినవాళ్ళు ఆ గడప తొక్కడానికే జంకేవాళ్ళు. ఆ తర్వాత బడి కప్పు కారినా, మాస్టారు నెల్లాళ్ళు రాకపోయినా అడిగే నాథుడు లేడు. బడి సరిగ్గా లేదని వాళ్ళు వెళ్ళారు. వాళ్ళు వెళ్ళడంతో బడి ఇంకా పాడయింది. పెద్దాయన ప్రశ్నలో రెండు వైపులా ఇందులోనే ఉన్నాయి.

ఈ సంగతిని శాస్త్రంగా ఆలోచించినాయన ఒకరున్నారు. పేరు ఆల్బర్ట్ హిర్ష్‌మన్, ఆర్థికవేత్త. ఆయనా సొంత దేశం వదిలి వచ్చినవాడే. కాకపోతే మనలాగా వీసా స్టాంపు వేయించుకుని, ఆవకాయ సీసాలు సర్దుకుని వచ్చినవాడు కాదు. 1915లో బెర్లిన్‌లో యూదుల కుటుంబంలో పుట్టారు. 1933లో హిట్లర్ అధికారానికి వచ్చిన కొద్ది నెలలకే, పద్ధెనిమిదేళ్ళు నిండీ నిండకుండానే జర్మనీ వదిలేశారు. 1940లో ఫ్రాన్స్ నాజీల చేతిలో ఓడిపోయాక మార్సేయ్ పట్నంలో వేరియన్ ఫ్రై అనే అమెరికన్‌తో కలిసి, ప్రాణభయంతో ఉన్న రచయితల్నీ, కళాకారుల్నీ దొంగ కాగితాల మీద సరిహద్దు దాటించే పనిలో ఉన్నారు. చివరికి పోలీసులు తన వెంటే పడేసరికి పిరనీస్ కొండలు నడిచి దాటి, స్పెయిన్, పోర్చుగల్ మీదుగా 1941 జనవరిలో అమెరికా చేరారు.

అలాంటి మనిషి 1970లో "ఎగ్జిట్, వాయిస్, అండ్ లాయల్టీ" అనే చిన్న పుస్తకం రాశారు. దానికి బీజం పడింది నైజీరియాలో. అక్కడ ఉత్తరాది నుంచి రేవులకి వేరుశనగ మోసే ప్రభుత్వ రైల్వే ఉండేది. దానికి పోటీగా లారీలు వచ్చాయి. పోటీ వస్తే రైల్వే బాగుపడుతుందని ఆర్థికశాస్త్రం చెబుతుంది. జరిగింది తలకిందులు. రైలు ఆలస్యమైతే కేకలేసి రభస చేయగల పెద్ద వ్యాపారులే ముందుగా లారీలకి మారిపోయారు. రైల్వే నష్టాన్ని ఖజానా ఎలాగూ భరిస్తుంది. అడిగేవాళ్ళూ లేరు, ఆదాయం పోయిందన్న భయమూ లేదు. దాంతో రైల్వే హాయిగా నిద్రపోయింది.

దీన్నుంచి ఆయన చెప్పిందేమిటంటే, ఏ సంస్థ అయినా, ఏ దేశమైనా పాడవుతుంటే మనిషికి రెండు దారులుంటాయి. ఒకటి వెళ్ళిపోవడం. రెండోది అక్కడే ఉండి గట్టిగా అడగడం. ఇవి తక్కెడలో రెండు సిబ్బెల్లాంటివి. వెళ్ళిపోవడం సులువైనకొద్దీ అడగడం తగ్గుతుంది, ఎందుకంటే ముందు వెళ్ళేది సాధారణంగా అడగగలిగినవాళ్ళే. ఈ లెక్కన పెద్దాయన భయం నిజమేనన్నమాట. కానీ కథ ఇక్కడితో ఆగలేదు. పందొమ్మిదేళ్ళ తర్వాత ఆయన పుట్టిన దేశమే ఆ లెక్కని తిరగరాసింది.

* * *

రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీ రెండు ముక్కలైంది. 1949 అక్టోబరులో తూర్పు జర్మనీ ఏర్పడింది. పార్టీ మాటే శాసనం. అయితే ఆ దేశానికి ఒక విచిత్రమైన ఇబ్బంది ఉండేది. బెర్లిన్ నగరం కూడా రెండు ముక్కలే, కానీ మధ్యలో గోడ లేదు. సూట్‌కేసు పట్టుకుని లోకల్ రైలెక్కి నాలుగు స్టేషన్లు పోతే పశ్చిమం వచ్చేస్తుంది. అక్కడ అదే భాష, పైగా దిగగానే పౌరసత్వం. వలసపోవడం అంత సులువుగా ఉన్న దేశం ఇంకొకటి దొరకడం కష్టం.

1953 జూన్‌లో తూర్పు బెర్లిన్‌లో భవన నిర్మాణ కూలీలు పని కోటా పెంచారని సమ్మెకి దిగారు. మర్నాటికి, అంటే జూన్ 17కి, అది దేశమంతా పాకింది. స్వేచ్ఛగా ఎన్నికలు పెట్టమన్నారు. సోవియట్ ట్యాంకులు వచ్చి అణిచేశాయి. కనీసం 55 మంది చనిపోయారు. ఆ ఒక్క ఏడాదిలో దేశం వదిలి వెళ్ళినవాళ్ళు 3 లక్షల 30 వేల పైచిలుకు. అడిగితే ట్యాంకు వస్తుందని తెలిశాక జనం రైలెక్కారు.

1949 నుంచి 1961 దాకా చూస్తే మొత్తం సుమారు 27 లక్షల మంది వెళ్ళిపోయారు. ఉన్న జనాభా 1 కోటి 80 లక్షల చిల్లర. వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది కుర్రవాళ్ళు, డాక్టర్లు, ఇంజనీర్లు. మొదట్లో పాలకులకి ఇదేం బాధగా లేదు. పీడా పోయింది, నోరున్నవాళ్ళు తగ్గారు అనుకున్నారు. కానీ ఆస్పత్రిలో డాక్టరు లేకపోతే పార్టీ కార్యదర్శికి జ్వరం వచ్చినా చూసేవాడు ఉండడు కదా. 1961 జులైలో ఒక్క నెలలో 30 వేల మంది పోయారు. ఆగస్టు 13 ఆదివారం తెల్లారేసరికి ముళ్ళకంచె వేసేశారు, ఆ తర్వాత అదే గోడ అయింది. ఆ గోడ దగ్గర కనీసం 140 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు.

హిర్ష్‌మన్ తక్కెడ లెక్క ప్రకారం అయితే, పోయే దారి మూసేశారు గనక అడగడం పెరగాలి. పెరగలేదు. గోడ కట్టగలిగిన ప్రభుత్వం నోరు కూడా కట్టించగలదు. పైగా పాలకులు ఒక చిత్రమైన ఉపాయం కనిపెట్టారు. గోడకి చిన్న కిటికీ ఉంచి, ఎవరికి తెరవాలో తామే నిర్ణయించేవాళ్ళు. 1964 నుంచి పింఛనుదార్లని పశ్చిమానికి వెళ్ళిరానిచ్చారు. వాళ్ళు తిరిగి రాకపోయినా నష్టం లేదు, పింఛను మిగులుతుంది. ఇక జైల్లో ఉన్న రాజకీయ ఖైదీలని పశ్చిమ జర్మనీకి అమ్మారు. అవునండీ, అమ్మారు. 1963 నుంచి 1989 దాకా 33 వేల మందికి పైగా. మొదట్లో తలకి 40 వేల మార్కులు, 1977 తర్వాత 95 వేల పైచిలుకు. సొమ్ములో చాలా భాగం సరుకుల రూపంలో వచ్చేది. 1976లో వోల్ఫ్ బియర్మన్ అనే గాయకుడిని కచేరీకని పశ్చిమానికి వెళ్ళనిచ్చి, వెళ్ళాక వెనక్కి రాకుండా పౌరసత్వం రద్దు చేశారు. అంటే, ఎదురు మాట్లాడే ప్రతి మనిషినీ ఏదో ఒక విధంగా బయటికి పంపేయడమే.

పక్కనే ఉన్న పోలండ్‌తో పోల్చండి. పోలండ్ వాళ్ళకి పారిపోతే పౌరసత్వం ఇచ్చి, అదే భాషలో పలకరించే రెండో పోలండ్ లేదు. గొడవపడ్డా, పడకపోయినా అక్కడే ఉండాలి. అక్కడ 1980లో సాలిడారిటీ సంఘం పుట్టి కోటిమంది సభ్యుల దాకా పెరిగింది. తూర్పు జర్మనీలో అలాంటిది పుట్టలేదు. ఇంతవరకూ హిర్ష్‌మన్ మాట నిజమే.

ఇక 1989. ఆ మే నెలలో తూర్పు జర్మనీలో స్థానిక ఎన్నికలు జరిగాయి. 98.85 శాతం మంది అధికార జాబితాకే ఓటేశారని ప్రకటించారు. ఎప్పుడూ చెప్పే అబద్ధమే, కానీ ఈసారి కొంతమంది మామూలు పౌరులు పోలింగు కేంద్రాల్లో నిలబడి లెక్క రాసుకున్నారు. అబద్ధం పట్టుబడింది. అదే నెలలో హంగరీ ఆస్ట్రియా సరిహద్దులో కంచె తీసెయ్యడం మొదలుపెట్టింది. సెలవలకని హంగరీ వెళ్ళిన తూర్పు జర్మన్లు ఇంటికి తిరిగి రావడం మానేశారు. సెప్టెంబరు 11న హంగరీ సరిహద్దు పూర్తిగా తెరిచింది. ప్రాగ్‌లో పశ్చిమ జర్మనీ ఎంబసీ తోటలో వేలమంది గుడారాల్లో, బురదలో కూచున్నారు. సెప్టెంబరు 30 రాత్రి పశ్చిమ జర్మనీ విదేశాంగమంత్రి గెన్షర్ బాల్కనీలోకి వచ్చి మిమ్మల్ని పంపిస్తున్నారు అని చెప్పేసరికి, ఆ వాక్యం పూర్తికాకుండానే కేకలు మిన్నంటాయి.

వాళ్ళని తీసుకెళ్ళే రైళ్ళు తూర్పు జర్మనీ మీదుగానే పోవాలని అక్కడి నాయకుడు హోనెకర్ పట్టుబట్టాడు. వెళ్ళేవాళ్ళని తానే బహిష్కరించినట్టు కనిపించాలని. అదే పెద్ద పొరపాటైంది. డ్రెస్డెన్ స్టేషన్లో ఆ రైళ్ళ కోసం వేలమంది గుమిగూడారు, పోలీసులతో కొట్లాటలయ్యాయి. పార్టీ పత్రిక, వెళ్ళినవాళ్ళ కోసం ఎవరూ కన్నీరు పెట్టుకోనక్కర్లేదు అని రాసింది. ఆ వెళ్ళినవాళ్ళు ఎవరనుకున్నారు? ఎదురింటి అమ్మాయి, పక్క బెంచీలో పనిచేసే స్నేహితుడు, సొంత కొడుకు. ఇన్నాళ్ళూ నోరు మెదపని మర్యాదస్తులకి కూడా అప్పుడు కడుపు మండింది.

లైప్‌జిగ్‌లో సెంట్ నికొలస్ చర్చిలో 1982 నుంచి ప్రతి సోమవారం శాంతి ప్రార్థనలు జరిగేవి. 1989 సెప్టెంబరు 4న ఆ ప్రార్థన అయ్యాక బయటికి వచ్చినవాళ్ళలో కొందరు "మేం బయటికి పోతాం" అని నినాదాలిచ్చారు. తర్వాతి సోమవారాల్లో ఇంకో నినాదం మొదలైంది: "మేం ఇక్కడే ఉంటాం." మనకి వినడానికి సాధువుగా ఉంటుంది గాని, ఆ ప్రభుత్వానికి అంతకంటే భయంకరమైన మాట ఇంకొకటి లేదు. పోతామన్నవాణ్ణి అమ్మెయ్యచ్చు, తోసెయ్యచ్చు. ఉంటాను, ఉండి అడుగుతాను అన్నవాణ్ణి ఏం చేస్తారు? అక్టోబరు 9న 70 వేల మంది వీధుల్లోకి వచ్చారు. ఆస్పత్రుల్లో రక్తం సిద్ధం చేసుకోమన్నారని పుకార్లు. అయినా వచ్చారు. కాల్పులు జరగలేదు. అక్టోబరు 18న హోనెకర్ దిగిపోయాడు. నవంబరు 9న గోడ తెరుచుకుంది. 1990 మార్చి 18న మొదటిసారి నిజమైన ఎన్నికలు జరిగాయి.

హిర్ష్‌మన్ 1990లో బెర్లిన్ వెళ్ళి కొన్ని నెలలు ఉండి ఇదంతా పరిశీలించారు. 1993లో ఒక వ్యాసం రాసి, తన తక్కెడ బొమ్మ ఇక్కడ సరిపోలేదని ఒప్పుకున్నారు. నలభయ్యేళ్ళపాటు వెళ్ళిపోవడం అడగడాన్ని మింగేసింది. చివరి ఏడాదిలో మాత్రం వెళ్ళిపోవడమే అడగడానికి ప్రాణం పోసింది. డెబ్భై ఏడేళ్ళ వయసులో ఇరవై మూడేళ్ళ నాటి తన మాట తానే దిద్దుకున్న ఆ మనిషి మీద నాకు చాలా గౌరవం. ఆయన 2012లో, 97 ఏళ్ళ వయసులో పోయారు.

ఒక్క మాట చేర్చాలి. స్వేచ్ఛ వచ్చాక కూడా తూర్పు ప్రాంతం నుంచి వలస ఆగలేదు. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, తర్వాతి పాతికేళ్ళలో నికరంగా పది లక్షలకు పైగా జనం పశ్చిమానికి పోయారు. మంచి ప్రభుత్వం ఉంటే ఎవరూ ఊరు కదలరనుకోవడం కూడా భ్రమే.

* * *

జర్మనీ గోడ కట్టిన దేశం. గోడ లేని, ఎన్నికలు సరిగ్గా జరిగే దేశంలో ఏమవుతుంది? ఐర్లండ్‌ని చూద్దాం. 1841లో ఇప్పటి ఐర్లండ్ రిపబ్లిక్ ప్రాంతంలో 65 లక్షల జనం ఉండేవారు. కరువు, వలస కలిసి ఊడ్చేశాయి. 1922లో స్వతంత్రం వచ్చింది, సొంత ప్రభుత్వం వచ్చింది, వలస మాత్రం ఆగలేదు. 1951 నుంచి 1961 లోపల నికరంగా 4 లక్షల మంది, ఎక్కువగా ఇంగ్లండుకి, వెళ్ళిపోయారు. 1961 జనాభా లెక్కల్లో మిగిలింది 28 లక్షల 18 వేలు.

విచిత్రమేమిటంటే, ఇంత దరిద్రంలోనూ ప్రభుత్వాలకి పెద్ద కష్టం రాలేదు. ఉద్యోగం లేనివాడు డబ్లిన్ వీధుల్లో రాళ్ళు విసరలేదు, ఓడెక్కాడు. ఎక్కి, నెలనెలా అమ్మకి మనియార్డరు పంపాడు. ఆ డబ్బుతో ఇల్లు గడిచింది. ఇల్లు గడిచింది గనక ఇంట్లోవాళ్ళూ అడగలేదు. జాక్ మర్ఫీ అని ఒక వడ్రంగి ఉండేవాడు. నిరుద్యోగుల తరఫున నిలబడి 1957 మార్చిలో పార్లమెంటుకి గెలిచాడు. ఏడాది దాటగానే, 1958లో, ఇక్కడ మన మాట వినేవాడు లేడని రాజీనామా చేశాడు. ఆ తర్వాత కుటుంబంతో కెనడా వెళ్ళిపోయాడు. నిరుద్యోగుల గొంతుకగా పార్లమెంటుకి వెళ్ళినవాడే వలసపోయాడు. ఇంతకంటే ఏం చెప్పను?

అయితే అక్కడా ఒక మలుపు వచ్చింది. దేశం మాయమైపోతుందేమోనన్న భయం, సిగ్గు పాలకుల దాకా పాకాయి. ఆర్థికశాఖ కార్యదర్శి టి.కె. విటకర్ 1958లో ఒక నివేదిక రాశారు. ఇన్నాళ్ళూ తలుపులు మూసుకుని కూచున్న విధానం తప్పు అని ఒప్పుకుని, పెట్టుబడులకి, ఎగుమతులకి దారి తెరవమన్నారు. 1967లో హైస్కూలు చదువు ఉచితం చేశారు. 1973లో ఐరోపా ఆర్థిక సమాజంలో చేరారు. 1960లలో జనాభా మళ్ళీ పెరగడం మొదలైంది. వెళ్ళినవాళ్ళ ఖాళీ కుర్చీలు ఇక్కడ కూడా చివరికి మాట్లాడాయి. కానీ అవి మాట్లాడటానికి ముప్పై అయిదేళ్ళు పట్టింది, ఎందుకంటే కుర్చీ పక్కన కూచున్నవాళ్ళు చాలాకాలం మనియార్డరు చూసుకుని ఊరుకున్నారు.

* * *

ఇప్పుడు మన సంగతి. 2022లో విదేశాల నుంచి భారతదేశానికి జనం పంపిన డబ్బు 100 బిలియన్ డాలర్లు దాటింది. అందులో దుబాయ్‌లో మేస్త్రీ పని చేసే నిజామాబాద్ మనిషి చెమటా ఉంది, ఇక్కడ కంప్యూటర్ ముందు కూచునే మన జీతాలూ ఉన్నాయి. ఆ డబ్బుతో ఎన్నో ఇళ్ళు నిలబడ్డాయి. అది మంచి పనే, సందేహం లేదు. కానీ ఐర్లండ్ మనియార్డరు గుర్తుపెట్టుకోండి. ఊళ్ళో నీళ్ళు రాకపోతే మనం బోరు వేయిస్తాం. ఆస్పత్రి బాగాలేకపోతే అమ్మని కార్పొరేట్ ఆస్పత్రికి తీసుకెళ్ళమని డబ్బు పంపుతాం. మన అమ్మకి జరుగుతుంది. పక్కింటి అమ్మకి?

ఇక ఓటు. 2010లో చట్టం మార్చి విదేశాల్లో ఉన్న భారత పౌరులకి సొంత ఊళ్ళో ఓటరుగా నమోదయ్యే హక్కు ఇచ్చారు. కానీ స్వయంగా వెళ్ళి వేయాలి. 2024 ఎన్నికల్లోనూ అంతే. ఐరిష్ వాళ్ళ పరిస్థితి ఇంకా కష్టం, దేశం వదిలి 18 నెలలు దాటితే సాధారణంగా ఓటే ఉండదు. అయినా 2015, 2018 ప్రజాభిప్రాయ సేకరణలప్పుడు ఆ హక్కు ఇంకా మిగిలున్న కుర్రవాళ్ళు చాలామంది విమానాలు, ఓడలు ఎక్కి ఒక్క ఓటు కోసం ఇంటికెళ్ళారు.

ఉండిపోయినవాళ్ళకి అడిగే చోటు దొరికితే ఏమవుతుందో మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అనంతపురం అంటే కరువు, కరువంటే వలస. ఆ పథకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీలు పెట్టింది. ఎవరికి ఎన్నిరోజుల పని, ఎంత కూలి ఇచ్చినట్టు రాశారో ఊరందరి ముందూ చదివేవాళ్ళు. నాకా డబ్బు అందలేదు అని ఒక కూలి మనిషి అధికారుల ఎదుటే లేచి చెప్పగలిగింది. తినేసిన డబ్బంతా వెనక్కి రాలేదు, నిజమే. కానీ కరణంగారి అవసరం లేకుండా అడగడం అంటే ఏమిటో ఊళ్ళకి తెలిసింది.

మళ్ళీ మా ఊరి బడి దగ్గరికి వస్తాను. నాలుగేళ్ళ క్రితం మా బాచి వాళ్ళం తలా కొంత వేసుకుని ఆ బడికి బల్లలు కొనిచ్చాం. ఫోటోలు వచ్చాయి, అందరం సంతోషించాం. మా అన్నయ్య ఊళ్ళోనే ఉంటాడు, వ్యవసాయం. ఒకరోజు ఫోన్లో అన్నాడు: "బల్లలు బాగున్నాయిరా. వాటి మీద కూచున్న పిల్లలకి లెక్కలు చెప్పే మాస్టారు ఏడాదిన్నరగా లేడు. అర్జీ రాస్తే నాతోపాటు సంతకం పెట్టేవాడు ఒక్కడు లేడు. పెట్టేవాళ్ళంతా మీ దగ్గరే ఉన్నారు కదా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు అన్నయ్యని ఆ అర్జీ పంపమన్నాను. నాలుగు దేశాల్లో ఉన్న పాత విద్యార్థులం అందరం పేర్లూ, చదివిన సంవత్సరాలూ రాసి సంతకాలు పెట్టి పంపాం. నిజం చెప్పొద్దూ, మా సంతకాలకి ఆఫీసులో ఎంత విలువిచ్చారో నాకు అనుమానమే. కానీ ఆ కాగితం ఊళ్ళో చదివి వినిపించాక, అది ఇవ్వడానికి వెళ్ళిన రోజు మా అన్నయ్య వెంట పదకొండు మంది తల్లులు బయల్దేరారట. వాళ్ళలో చాలామంది ఆ ఆఫీసు మెట్లెక్కడం అదే మొదటిసారి. ఆర్నెల్లకి మాస్టారొచ్చారు. కప్పు ఇంకా కారుతూనే ఉంది. దానికి రెండో అర్జీ తయారవుతోంది, ఈసారి ఆ తల్లులే రాయిస్తున్నారు.

కాబట్టి పెద్దాయనగారూ, వింటున్నారనుకుంటాను, మీ ప్రశ్నలో రెండు సగాలూ నిజమేనండీ. మనం వచ్చెయ్యడం తప్పు కాదు, దానికి సిగ్గుపడక్కర్లేదు. కానీ వస్తూ వస్తూ మన నోరు కూడా పెట్టెలో సర్దుకుని తెచ్చేసుకున్నాం. డబ్బు పంపినట్టే దాన్ని కూడా అప్పుడప్పుడు పంపుతూ ఉండాలి. మీ ఊళ్ళో అడుగుతున్నవాళ్ళెవరో ఒకసారి కనుక్కోండి. ఒకరైనా ఉంటారు. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, డబ్బు అందిందా అని అడిగాక, ఆ మనిషి గురించి కూడా ఒక్క మాట అడగండి.

సెలవు. నమస్కారం.